నిష్పత్తి మారని మార్పు

మారడం అంటే విముక్తి అనే నమ్మకం స్త్రీవాదులమైన మనలో గట్టిగా ఉంది. ఎవరి స్వభావమూ పుట్టుకతో స్థిరపడదని, పరిస్థితులే మనల్ని తయారుచేస్తాయని, కాబట్టి మారవచ్చని వాదిస్తూ వచ్చాం. అయితే మార్పు దానంతటదే విలువా? మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టిన రోజుల్లో చదివిన ఒక పరిశోధన నన్ను ఈ ప్రశ్న దగ్గర నిలబెట్టింది.

అది 2011లో 'సెల్' పత్రికలో వచ్చింది. పీయూష్ గుప్తా, ఎరిక్ లాండర్, వారి సహచరులు ఇద్దరు రోగుల రొమ్ము కణితుల నుంచి పెంచిన కణాలను పరిశీలించారు. వాటిలో మూడు స్థితులున్నాయి: మూలకణాల్లాంటివి, బేసల్, ల్యూమినల్. ఒకదానిలో బేసల్ కణాలే నూటికి 97 దాకా ఉన్నాయి, మూలకణాల్లాంటివి రెండే. మూడింటినీ విడదీసి వేరువేరుగా పెంచితే, కొద్ది రోజుల్లోనే ప్రతి గుంపూ పాత నిష్పత్తి వైపే మళ్ళింది.

దీన్ని వివరించడానికి వాళ్ళు మార్కోవ్ గణితాన్ని వాడారు. ఆ రష్యన్ గణితజ్ఞుడు 1913లో పుష్కిన్ కావ్యం 'యెవ్గేనీ ఒనేగిన్' నుంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తర్వాత హల్లు ఎంత తరచుగా వస్తుందో లెక్కగట్టాడు. కణాలకూ అదే పద్ధతి. ఇవాళ ఈ స్థితిలో ఉన్నది రేపు ఏ స్థితికి మారే అవకాశం ఎంత? నిన్న ఏమిటన్నది లెక్కలోకి రాదు. మామూలు క్యాన్సర్ కణం కూడా మూలకణంలాంటిదిగా మారగలదని ఈ లెక్క చెప్పింది. అంటే ప్రమాదకరమైన రకాన్ని మాత్రమే ఏరి చంపితే సరిపోదు, మిగిలినవి ఆ ఖాళీ నింపుతాయి.

చదువుతుంటే మన ఇళ్ళు గుర్తొచ్చాయి. కోడలు అత్తగా మారుతుంది. ఆరళ్ళు పడ్డ మనిషే ఆరళ్ళు పెట్టే చోటుకి వెళుతుంది. ఎవరూ ఉన్నచోట ఉండరు. అయినా ఎందరు పెత్తనం చేస్తారు, ఎందరు సర్దుకుపోతారు అన్న నిష్పత్తి కదలదు. ఒక్కొక్కరి మార్పే మొత్తాన్ని మారకుండా నిలబెడుతుంది.

పోలికకి హద్దుంది. కణానికి ఇష్టాయిష్టాలు లేవు. జబ్బు ఎవరి గుణానికీ శిక్ష కాదు. "పథ్యం సరిగ్గా చేశావా" అని పిన్నిని నిలదీసిన బంధువులకి ఈ మాట గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. ఇంకో తేడా, మార్కోవ్ లెక్కకి జ్ఞాపకం లేదు. కణాలు ఎవరి ఒంటి నుంచి వచ్చాయో ఆ స్త్రీలు కూడా అందులో 149, 159 అనే అంకెలే. మనకి జ్ఞాపకం ఉంది. అత్త స్థానంలోకి వెళ్ళిన మనిషి, కోడలిగా తానేం భరించిందో మర్చిపోకుండా ఉండగలదు. నైతిక బాధ్యత అక్కడ మొదలవుతుందని నాకనిపిస్తుంది.

జ్ఞాపకం ఒక్కటే చాలదు. లెక్క ప్రకారం నిష్పత్తి మారాలంటే ఒక స్థితి నుంచి మరో స్థితికి వెళ్ళే అవకాశాలే మారాలి. మన విషయంలో ఆ అవకాశాలను నిర్ణయించేవి ఆస్తి ఎవరి పేరున ఉంది, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, చాకిరీ ఎవరి మీద పడుతుంది అన్నవే. "ఆడవాళ్ళు చాలా మారిపోయారు" అని ఎవరన్నా అంటే, నిష్పత్తి ఏమైందని అడగాలి మనం.