కేసరం పని, పిల్ల పని

పువ్వు పాఠం చెప్పే రోజు మందారం కొమ్మ తెంపుకొని బడికి పోయేవాణ్ణి. పెద్ద పువ్వు, విప్పి చూపడం తేలిక. రక్షకపత్రాలు మొగ్గను కాపాడతాయి. ఆకర్షణపత్రాలు పురుగుల్ని పిలుస్తాయి. కేసరాల కొసన పుప్పొడి ఉంటుంది. నడుమ కీలం, దాని అడుగున అండాశయం. ఒక్కో భాగానికి ఒక్కో పని. బోర్డు మీద బొమ్మ గీసి పేర్లు రాయిస్తే పాఠం అయిపోయినట్టే.

ఒక ఏడు, దసరా సెలవులయ్యాక బడికొచ్చిన ఏడో తరగతి అమ్మాయిని లేపి, కేసరాలు ఏవో చూపమన్నాను. బిక్కమొహం వేసింది. రెండు నెలలు బడి ఎగ్గొడితే ఎట్లొస్తదని కసిరాను. ఆమె కొమ్మకున్న విప్పని మొగ్గ పట్టుకుని బొటనవేలి గోరుతో గిల్లింది. పూరేకులు, కేసరాలు కలిసి ఊడొచ్చాయి. కీలం మాత్రం అట్లనే నిలబడి ఉంది. "గిది తీసెయ్యాలె సార్. లేకుంటే సెల్ఫ్ అయితది" అంది.

మందారం, పత్తి ఒకే కుటుంబం మొక్కలు. ఆమె రెండు నెలలూ సీడు పత్తి చేలో ఉంది. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో, గద్వాల, అయిజ వైపు, ఆ పనిని క్రాసింగ్ అంటారు. పత్తి పువ్వులో ఆడ, మగ రెండూ ఉంటాయి. వదిలేస్తే ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది. సంకర విత్తనం కావాలంటే రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ పూటే గిల్లి కేసరాలు తీసెయ్యాలి. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి కీలాగ్రానికి రుద్దాలి. అప్పుడు అండాశయం కాయవుతుంది, లోపలి అండాలు గింజలవుతాయి. గింజ పైపొర కణాలు సాగి దూది అవుతుంది. కేసరాలు మిగిలిపోతే విత్తనం కల్తీ. జీవోటీ పరీక్షలో ఫెయిలైతే రైతు ఏడాది కష్టం నీళ్లపాలు. 1970లో సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ హైబ్రిడ్-4 తెచ్చినప్పటి నుంచి మన సంకర పత్తి ఇట్లా చేతుల మీదనే నడిచింది. ఆ చేతులు చాలాచోట్ల ఆడపిల్లలవి.

పిల్లలే ఎందుకని అడిగితే, "చిన్న వేళ్లు, మొగ్గ దెబ్బ తినది. చెట్టు కూడ వాళ్ల ఎత్తే ఉంటది" అంటారు. మా ఇంట్లోనూ ఒక ఏడు ఎకరం సీడు వేశాం. ఆ మాట నేనూ అన్నాను. కూలి తక్కువన్న సంగతి మాత్రం ఎవరమూ ముందు చెప్పం.

ఆ జవాబు అచ్చం నా పువ్వు పాఠంలాగే ఉందని తర్వాత తట్టింది. ఆకారం చూసి పని చెప్పడం. కేసరం విషయంలో అది సరే. కేసరానికి పువ్వును మించిన బతుకు లేదు. పుప్పొడి రాల్చి ఎండిపోతే దానికి అన్యాయం జరిగిందని ఎవరూ అనరు. పిల్ల అట్లా కాదు. ఆమె ఇంటికో, చేనుకో ఒక భాగం కాదు. ఆమెకు ఆమే మొత్తం.

మరి ఇంటి పిల్ల ఇంటి పని చేయొద్దా? నేనూ బడి విడిచాక మేకలు కాశాను. దాని వల్ల చెడిపోలేదు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం కూడా పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవద్దంటూనే, బడి వేళలు అయ్యాక ఇంటివాళ్లకు సాయపడొచ్చని అంటుంది. కానీ పత్తి పువ్వు బడి గంట చూసుకుని విచ్చుకోదు. పుప్పొడి రుద్దే వేళ, అటెండెన్సు తీసే వేళ ఒకటే. మేకలు నా సాయంత్రాన్ని తీసుకున్నాయి. పత్తి ఆమె ఏడో తరగతిని తీసుకుంది. పని మంచిదా చెడ్డదా అన్నదాని కంటే, పని అయ్యాక ఆ పిల్లకంటూ ఏం మిగిలిందన్నదే నాకిప్పుడు అసలు ప్రశ్న.

ఆ రోజు ఆమెకు మార్కులు వేయలేదు. కేసరం ఏం చేస్తుందో, తీసేస్తే ఏమవుతుందో క్లాసులో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. తెలియనిది పేరొక్కటే. అది చెప్పాల్సినవాణ్ణి నేను. రెండు నెలల్లో ఒక్కసారైనా వాళ్లింటికి పోయి పిల్లేదని అడగలేదు. రిజిస్టర్‌లో ఆమె పేరుకెదురుగా గైర్హాజరు అని రాసుకుంటూ పోయాను.