వంగడంలోని పట్టు

దొడ్డబళ్ళాపురం తాలూకాలోని ఘాటి సుబ్రహ్మణ్య క్షేత్రంలో ఒకే శిలపై ఏడు పడగల సుబ్రహ్మణ్యుడు తూర్పుముఖంగా, నరసింహుడు పడమటిముఖంగా వెలసి ఉండగా, వెనుకనున్న స్వామి కూడా భక్తులకు కనబడేందుకు గర్భగుడిలో అద్దం అమర్చారు. ఆ సన్నిధిలో నడుము వంచి నమస్కరించే క్షణంలో వైష్ణవ వేదాంతులు తరతరాలుగా చర్చించిన ప్రశ్న ఒకటి ఇమిడి ఉంది: శరణాగతిలో మనిషి ప్రయత్నానికి చోటుందా, లేక తన్ను తాను పూర్తిగా వదిలేసుకోవడమే శరణాగతా?

అలా వంగేటప్పుడు పనిచేసే తొడ వెనుకభాగాన్ని పరిశీలిస్తే ఈ ప్రశ్న మరింత తేటపడుతుంది. అక్కడ హామ్‌స్ట్రింగ్స్ అనే మూడు కండరాలున్నాయి. కూర్చున్నప్పుడు ఒంటి బరువు మోసే ఆసనాస్థి, అంటే పిరుదుల కింద చేతికి తగిలే ఎముక, వీటికి మొదలు. సెమిటెండినోసస్, సెమిమెంబ్రనోసస్ మోకాలు దాటి లోపలి పక్కనున్న అంతర్జంఘికకు, బైసెప్స్ ఫెమోరిస్ వెలుపలి పక్కనున్న సన్నని బహిర్జంఘికకు అతుక్కుంటాయి. బైసెప్స్ రెండు తలల్లో పొట్టిది మాత్రం తొడ ఎముక నుంచే బయలుదేరుతుంది. మోకాలి వెనుక ఇరువైపులా తాళ్ళలా వేళ్ళకు తగిలేవి వీటి స్నాయుబంధనాలే. ఇవి మోకాలిని మడుస్తాయి, తుంటి దగ్గర తొడను వెనక్కి లాగుతాయి.

నిలుచున్న మనిషి మోకాళ్ళు మడవకుండా వంగేటప్పుడు మొండేన్ని కిందికి దించేది భూమ్యాకర్షణ. పిరుదుల, వెన్ను కండరాలతో కలిసి హామ్‌స్ట్రింగ్స్ సాగుతూనే బిగువు వదలక, ఆ బరువును కొంచెంకొంచెంగా విడిచిపెడతాయి. ఈ పట్టే లేకపోతే మనిషి ముందుకు పడిపోతాడు, దాన్ని నమస్కారమని ఎవరూ అనరు.

శరణాగతికి పోలికగా, శ్రీవైష్ణవంలోని రెండు శాఖల్లో వడగలై వారు తల్లిని కరచుకునే కోతిపిల్లను, అంటే మర్కటకిశోర న్యాయాన్ని, తెంగలై వారు తల్లి నోట కరచుకుపోయే పిల్లికూనను, అంటే మార్జాలకిశోర న్యాయాన్ని చూపుతారు. వడగలై వారి ఆచార్యులైన వేదాంత దేశికులు ప్రపత్తిని, అంటే శరణాగతిని, వ్యాజమన్నారు: కృపను పుట్టించే శక్తి దానికి లేదు, కృప ప్రసరించడానికి అదొక మిష మాత్రమే. దేహం వంగే తీరు ఈ మాటకు ఎంతో దగ్గరగా ఉంది, ఎందుకంటే దించే శక్తి కండరానిది కాకపోయినా, ఆ దిగడం వందనంగా రూపుదిద్దుకునేది కండరం పట్టువల్లనే.

అయితే ఈ కండరాలకు ఆజ్ఞలు మోసే సయాటిక్ నరం దెబ్బతిన్న వృద్ధురాలి సంగతి, దొడ్డబళ్ళాపురం మరమగ్గాల మధ్య రోజంతా నిలబడి కాళ్ళు బిగుసుకుపోయిన నేతకారుడి సంగతి ఏమిటని అడిగితే, తెంగలై వారి జవాబే సూటిగా తోస్తుంది. ప్రపత్తి మనసుతోనూ మాటతోనూ చెల్లుతుందని వడగలై వారూ అంటారు. ఏ సాధనమూ చేతిలో లేకపోవడం, అంటే ఆకించన్యం, శరణు కోరేవాడికి అర్హతేనని ఇరువర్గాలూ ఒప్పుకుంటాయి.