చూడక చేసిన చేవ్రాలు

నిప్పుగాని, మఱియొక ఆపదగాని సంభవించినపుడు పరుగెత్తి వచ్చువారిని మనమందఱము మెచ్చుకొందుము. కాని వారు సకాలమున రాగలుగునట్లు ముందుగా చూడవలసినవాడెవడు? వాడు చూడనిచో ఆ దోషమెవరిది? ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాపని చేసి విశ్రాంతి పొందిన మాకు ఈ ప్రశ్న గ్రంథపఠనమువలన గాక ఒక దస్త్రమువలన కలిగినది.

తంజావూరు ప్రాంతమున ఒక చిన్న పట్టణపు పురపాలక కార్యాలయమున మేము లైసెన్సుల దస్త్రములు చూచుచుంటిమి. ప్రమాదకరములైన వ్యాపారములకు అప్పుడు ఏటేట అనుమతి పొందవలసియుండెను. కట్టెల అడితి కూడ అట్టిదే. ఒక అడితి దస్త్రముపై, పోయిన యేడు వ్రాసిన మాటలనే ఎత్తి వ్రాసితిమి: ‘పరిశీలింపబడినది. అభ్యంతరము లేదు.’ ఎవరును పరిశీలింపలేదు. చేవ్రాలు చేసినవారు మమ్ము నమ్మిరి. వారిపై నున్నవారు వారిని నమ్మిరి. ఒక వేసవి రాత్రి ఆ సందులో ఇల్లొకటి అంటుకొన్నది. అగ్నిమాపక యంత్రము వేళకే వచ్చినది గాని, అడితివాడు వీధిలోనికి పేర్చిన మొద్దుల మూలమున లోనికి పోలేకపోయినది. ప్రాణహాని లేదు. ఒక నేతగాని మగ్గమును, దానిపై సగము నేసిన పట్టుచీరయు బూడిదయైనవి. జనులు తిట్టినది మాత్రము యంత్రముతో వచ్చినవారిని. మేము ఆ గుంపులోనే నిలిచి ఊరకుంటిమి.

మాకు సమీపముననే, కుంభకోణమున, 2004 జూలై 16వ తేదీన ఒక పాఠశాల దగ్ధమై 94 మంది పిల్లలు మరణించిరి. వంటయింటినుండి లేచిన నిప్పు పై అంతస్తు పూరికప్పునకు ప్రాకినది. పూరికప్పు ఎవరికిని కనబడని వస్తువు కాదు. క్షేమకరమైన పాఠశాలలో చదువుకొనుట విద్యాహక్కులో భాగమని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తీర్పు మంచిదే. కాని చూచియు అడుగనివారెందఱు అను ప్రశ్నకు ఊరే జవాబు చెప్పుకొనవలయును.

‘అగ్నిమాపక శాఖ రాష్ట్రప్రభుత్వముది, మాకేమి అధికారము?’ అని పురపాలక సభ్యులు పలుకుట మేమెన్నిమార్లో వింటిమి. తమిళనాట అది నిజమే. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పండ్రెండవ షెడ్యూలులో, పురపాలక సంఘములకు అప్పగింపదగిన 18 విషయములలో అగ్నిమాపక సేవ యొకటి; అయినను అప్పగించుట రాష్ట్రముల యిష్టము. ఆంబులెన్సు మాటయు నట్టిదే. 2005లో హైదరాబాదున మొదలైన 108 సేవ 2008లో తమిళనాటికి వచ్చినది. అదియు రాష్ట్రప్రభుత్వపు ఏర్పాటే. సరే, బండి వారిది. బండి పోవలసిన సందు ఎవరిది? నీటి కొళాయి ఎవరిది? చీకటిలో ఇల్లు గుర్తించుటకు వలసిన వీధిదీపము, ఇంటి సంఖ్య ఎవరివి? ఇవన్నియు పట్టణమువే గదా! మూడు నెలలకొకమారు సభలో, పిలిచిన ఎన్ని నిమిషములకు బండి వచ్చినది, ఎచ్చట నిలిచిపోయినది అని అడిగి వ్రాసియుంచుటకు గొప్ప అధికార మక్కరలేదు. ఒక పుస్తకము చాలును.

అడిగినచో పనివారిని అనుమానించినట్లగునని కొందఱందురు. బావిలో దిగువాడు మోకును లాగి చూచుట దానిని పేనినవానికి అవమానము కాదు. పైగా అడుగకపోవుటయే ఆ సిబ్బందికి అన్యాయము. మేము చేయని పనికి ఆ రాత్రి తిట్లు తిన్నది వారు గదా!

మన తెలుగు కుటుంబములలో మఱియొక సాకు కలదు. నాయకరాజుల కాలమునుండి ఇచ్చటనే యున్నవారమయ్యును, ‘వలస వచ్చినవారము, ఊరి పెత్తనము మనకేల?’ అందుము. పెండ్లి ఊరేగింపునకు వీధినంతయు ఆక్రమించునపుడు ఈ వినయమెచ్చట నుండునో తెలియదు.

మొన్న సంక్రాంతికి ముందు ఇద్దఱు మిత్రులను వెంటబెట్టుకొని, టేపుతో మా వీధిని కొలిచితిమి. పెద్ద అగ్నిమాపక యంత్రమునకు ఎనిమిదడుగులకు మించిన దారి కావలయును. మలుపునొద్ద ఏడున్నర అడుగులే తేలినది. అచ్చట వీధిలోనికి చొచ్చుకొనివచ్చినది మా తాతగారు కట్టించిన అరుగు. పురపాలక సంఘమునకు వ్రాసిన అర్జీలో మా యింటి సంఖ్యనే మొదట వేసి, మేస్త్రీకి కబురంపితిమి.