మన చుట్టం చింపాంజీ

ఎన్నికల కుట్రలను చూసి “పదవీ వ్యామోహం పుట్టుకతో వచ్చిందే, ఏం చేస్తాం?” అనేవారున్నారు. ఇది సబబేనా?

నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ జంతు ప్రదర్శనశాలలో చింపాంజీలను ఏళ్ల తరబడి గమనించిన ఫ్రాన్స్ డి వాల్ 1982లో పుస్తకం ప్రచురించారు. అక్కడ యెరూన్ అనే పాత నాయకుణ్ణి లూయిట్ పడదోసింది. యెరూన్ ఊరుకుందా? కుర్ర నిక్కీని గద్దెనెక్కించి, తెరవెనుక చక్రం తిప్పింది. వాటి పొత్తు చెడగానే లూయిట్ మళ్లీ పైకొచ్చింది. 1980లో ఒక రాత్రి ఆ రెండూ కలిసి లూయిట్‌ను చావగొట్టాయి.

అయితే ఇదే లూయిట్ నాయకత్వం దక్కాక తగవుల్లో ఓడేవారి పక్షం నిలిచేది. కొట్లాడుకున్న చింపాంజీలు తర్వాత ముద్దు పెట్టుకొని రాజీపడేవి. అమెరికాలో 1994లో న్యూట్ గింగ్రిచ్ ఈ పుస్తకాన్ని కొత్త చట్టసభ సభ్యులకు సిఫారసు చేశారు. వారు ఏ పేజీలు చదివారో!

జంతువులతో మనకు ఉమ్మడి ప్రవృత్తులున్నాయని పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలోనే ఒప్పుకున్నారు. కాని వాటిని నడిపే పని వివేకానిదన్నారు. పెత్తనం మన వారసత్వమైతే రాజీ కూడా వారసత్వమే. ఏది ఎంచుకోవాలన్న ప్రశ్న మాత్రం మనదే. లూయిట్‌ను చంపినందుకు యెరూన్‌ను ఎవరూ కోర్టుకు ఈడ్వలేదు మరి.