చక్రాల మీది ఇల్లు వైరాగ్యమవుతుందా?

అమెరికాలో అరిజోనా రాష్ట్రపు క్వార్ట్‌జ్‌సైట్ చాలా చిన్న ఊరు. చలికాలం వచ్చేసరికి మాత్రం దాని చుట్టూ ఉన్న ఎడారి వేలకొద్దీ ఆర్వీలతో, అంటే కాపురం ఉండే బండ్లతో, నిండిపోతుంది. వెచ్చదనం వెతుక్కుంటూ వచ్చే స్థితిమంతులు కొందరు. ఆ బండి తప్ప వేరే ఇల్లంటూ లేనివాళ్లు మరికొందరు. ఈ రెండోవాళ్లకు ఏడాది పొడవునా పని వెంటే ప్రయాణం. వేసవిలో అడవుల్లోని క్యాంపుల దగ్గర రుసుము వసూలు చేస్తారు, మరుగుదొడ్లు కడుగుతారు. అక్టోబరుకల్లా నార్త్ డకోటా వైపు వెళ్లి, షుగర్ బీట్ దుంపలను గుట్టలు పోసే యంత్రాల దగ్గర నిలబడతారు. క్రిస్మస్ రద్దీకి గోదాముల పని. అమెజాన్ 2008లో ‘క్యాంపర్‌ఫోర్స్’ను ఇలాంటివాళ్ల కోసమే పెట్టింది. బండి నిలిపే చోటుకు అద్దె కంపెనీ భరించేది. పది గంటల షిఫ్టు, కాంక్రీటు నేల మీద మైళ్లకొద్దీ నడక. వాళ్లలో చాలామంది అరవై దాటినవాళ్లు.

ఇల్లు లేదు, సామాను లేదు, ఒకచోట నిలకడ లేదు. భగవద్గీత పన్నెండో అధ్యాయం భక్తుడికి చెప్పిన లక్షణాల్లో ఇల్లంటూ లేకపోవడమూ ఉంది. మరి వీళ్లది వైరాగ్యమేనా?

అమెరికన్లు ఈ ప్రశ్నకు హెన్రీ డేవిడ్ థోరోను గుర్తు చేసుకుంటారు. 1845లో వాల్డెన్ చెరువు ఒడ్డున ఆయన తన చేత్తో గుడిసె కట్టుకుని, అందుకైన 28 డాలర్ల పన్నెండున్నర సెంట్ల ఖర్చును పైసాతో సహా రాసిపెట్టాడు. ఏడాదికి ఆరు వారాలు ఒళ్లు వంచితే బతుకు గడుస్తుందని, మిగతా కాలమంతా తనదేనని తేల్చాడు. గొప్ప లెక్కే. కానీ అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు లేవు. గుడిసె ఉన్న నేల మిత్రుడు ఎమర్సన్‌ది. కాంకర్డ్‌లో తల్లిదండ్రుల ఇల్లు నడిచివెళ్లేంత దూరంలోనే ఉంది. సిద్ధార్థుడికి కూడా విడిచివెళ్లడానికి కపిలవస్తులో ఒక ఇల్లు ఉంది. అద్దె కట్టలేక, 2008 మాంద్యంలో ఇల్లు పోగొట్టుకుని బండెక్కిన మనిషి విడిచింది ఏమిటి? అతని చేతిలోంచి లాక్కున్నదాన్ని త్యాగమని పొగడటం అన్యాయం.

ఇంకో తేడా ఉంది, అది ఇంకా లోతైనది. మన ధర్మశాస్త్రాలు తిరిగేవాణ్ణి సంపాదన నుంచి తప్పించాయి. నాలుగు ఆశ్రమాల్లో గృహస్థుదే శ్రేష్ఠమని మనుస్మృతి చెప్పడానికి కారణం, మిగతా ముగ్గురికీ అన్నం పెట్టేది అతనే కావడం. వానాకాలం ఒకచోట ఉండిపొమ్మని సన్యాసికీ బౌద్ధ భిక్షువుకీ నియమం ఉంది, ఆ నెలల్లో వాళ్లకు ఊరే అన్నం పెట్టేది. అమెరికా కేంద్ర ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల నియమం దీనికి తలకిందులు: 14 రోజులు కాగానే కదలాలి. డ్రైవింగ్ లైసెన్సుకు చిరునామా కూడా చూపాలి. అందుకే చాలామంది సౌత్ డకోటాలో ఒక్క రాత్రి బస చేసిన రసీదు చూపించి అక్కడి నివాసులవుతారు. తిరిగేవాడి భారం మోసే గృహస్థుడు ఈ ఏర్పాటులో ఎక్కడా కనిపించడు.

అయినా దీన్ని ఉత్త దురదృష్టంగా కొట్టిపారేయలేం. బాబ్ వెల్స్ అలాస్కాలో విడాకుల తర్వాత, డబ్బు చాలక పాత వ్యానులో కాపురం పెట్టాడు. మొదట్లో రాత్రుళ్లు ఏడ్చేవాణ్ణని ఆయనే చెప్పాడు. పోనుపోను ఆ బతుకే ఇష్టమై, క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర జనవరి సమావేశాలు పెట్టి కొత్తవాళ్లకు మెళకువలు నేర్పాడు. దిక్కులేక మొదలైనదాన్ని మనసారా స్వీకరించడం కూడా సాధనే. ఆ ఘనత ఆయనది, ఆయన్ను రోడ్డు మీదికి నెట్టిన వ్యవస్థది కాదు.

లిండా మే దారి వేరు. జెస్సికా బ్రూడర్ రాసి 2017లో వచ్చిన ‘నోమాడ్‌ల్యాండ్’ పుస్తకంలో ప్రధాన వ్యక్తి ఆమె, దాని ఆధారంగా తీసి 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిన సినిమాలో తన పాత్ర తానే వేసింది. అరవైల్లో ఒక చిన్న ట్రైలర్‌లో ఉంటూ క్యాంపుల్లో, గోదాముల్లో పనిచేసింది. ఆమె కోరిక మాత్రం ఇల్లే. పాత టైర్లలో మట్టి కూరి గోడలు లేపే ‘ఎర్త్‌షిప్’ ఇల్లు కట్టుకోవాలని, మెక్సికో సరిహద్దులోని డగ్లస్ దగ్గర ఎడారి నేల కొనుక్కుంది.