దూరమెంత? కాలమెంత?



“హైదరాబాదునుండి విశాఖపట్నమునకు విమానములో ఎంత సేపు?” అను ప్రశ్న నేడు మన ఉద్దానపు ఇండ్లలోను వినబడుచున్నది. మన బిడ్డలలో అనేకులు కూటికొరకు దూర పట్టణములలో నున్నారు గదా.

శంషాబాదు విమానాశ్రయమునుండి విశాఖకు ఆకాశమార్గమున సుమారు 510 కిలోమీటర్లు. గుండ్రని భూమిమీద రెండు చోట్లను కలుపు మిక్కిలి దగ్గరి దారి కొలత యిది. టిక్కెట్టుమీద చూపు కాలము గంటంబావు మొదలు గంటన్నర. విమానము నేలమీద పరుగిడు నిమిషములును అందులో చేరినవే. అయితే ఈ లెక్క మన ఇంటి గడపను ఎరుగదు. విమానాశ్రయమునకు చాల ముందుగా చేరవలెను. విశాఖలో దిగిన పిమ్మట పలాసకు రైలుమార్గము సుమారు 200 కిలోమీటర్లు, మూడు గంటలకు పైమాటే. అక్కడనుండి వజ్రపుకొత్తూరు వైపునకో, మందస వైపునకో బస్సుగాని ఆటోగాని దొరకవలెను. ఇట్లు గంటంబావు ప్రయాణము ఒక దినమును మింగివేయును.

సరే, ఆ కాలము ఇంకను తగ్గునని యనుకొందము. కాలము తగ్గిన కొలది మనుష్యులు ఒకరికొకరు దగ్గరగుదురా?

మూత్రపిండముల వ్యాధి మన పల్లెలను ఎట్లు కుదిపినదో మీరెరుగుదురు. డయాలిసిస్ కొరకు అనేకులు శ్రీకాకుళమునకు, విశాఖకు తిరిగిరి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడెను. దారి తగ్గెను, మంచిదే. అయినను వారమునకు రెండు మూడు మారులు, మారునకు సుమారు నాలుగు గంటలు రోగి ఆ పడకమీద నుండవలెను. నీరసించి లేచినప్పుడు చేయి పట్టుకొనువాడెవడు?

హైదరాబాదులో నున్న కుమారుని వెంటనే తప్పుపట్టకుడి. సెలవు పెట్టిన కూలి పోవును. విమానపు టిక్కెట్టుకు అనేక దినముల కూలి పట్టును. అతడు పంపు సొమ్ముతోనే మందులు వచ్చుచున్నవి. మరి రెండిండ్ల అవతల నున్న మన మాటేమి?

లూకా సువార్త 10వ అధ్యాయమును మరల చదువుడి. యాజకునికిని లేవీయునికిని గాయపడినవాడు ఎంత దూరములో నుండెను? దారి వెడల్పంతే! వారు దానినే దాటలేదు. సమరయుడో ప్రయాణములో నున్నవాడు, బంధువు కాడు. అయినను ఆగి, తన చేతులతో గాయములు కట్టి, పూటకూళ్లవానికి సొమ్మిచ్చి, మరల వత్తునని చెప్పి సాగిపోయెను. చేతి సాయమును, సొమ్ము సాయమును, తిరిగి వత్తునను మాటయు అతనియందు కూడియున్నవి. మనలో అవి పలువురి మధ్య పంచబడియున్నవి. దూరముననున్న కుమారుడు సొమ్ము పంపును. పొరుగువాడు చేయి అందింపవలెను. అయితే సొమ్ము పంపుటతో నా బాధ్యత తీరెనని కుమారుడు తలంపరాదు. కుమారుడున్నాడు గదా అని పొరుగువాడును తప్పుకొనరాదు.

కాబట్టి బిడ్డలారా, మీరు వచ్చు తేదీని తలిదండ్రులకు ముందే తెలిపి, ఆ మాట నిలుపుకొనుడి. సంఘస్థులారా, మీ వీధిలో డయాలిసిస్‌కు వెళ్లువారెవరో తెలిసికొని, ఏ దినమున ఎవరు తోడు పోవలెనో ఈ ఆదివారమే వంతులు వేసికొనుడి. విమానము ఊళ్ల మధ్య దూరమును తగ్గించును. మనుష్యుల మధ్య దూరమును తగ్గించుటకు ఎవరో ఒకరు లేచి బయలుదేరవలెను. ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక.