మీరు, నీవు

హైదరాబాదు పాతనగరమున ధూల్‌పేటయందు వినాయకచవితికి నెలల ముందునుండియే వీథులు విగ్రహములతో నిండును. తరతరముల క్రిందట ఉత్తర హిందూస్థానమునుండి వచ్చిన లోధా కుటుంబములవారు వానిని చేయుదురు. సంక్రాంతికి గాలిపటములు కట్టుదురు. మా పాఠశాలకొక చిన్న విగ్రహము కొనుటకై ఒక విద్యార్థిని వెంటబెట్టుకొని మేమచ్చటికి పోయితిమి. వృద్ధుడైన శిల్పి మమ్ము కూర్చుండబెట్టి టీ తెప్పించెను. ఇప్పుడే త్రాగితిమంటిమి. అది అబద్ధమని ఆయనకును తెలియును. రెండుమారులు బలవంతపెట్టగా త్రాగితిమి.

ఇట్టి అబద్ధము దోషమా? చీనాదేశమునందును పెట్టినదానిని అతిథి మొదట వలదనుట, గృహస్థు మరల మరల బ్రతిమాలుట పూర్వాచారము. "అన్నము తింటివా?" యను వారి పలుకరింపు మన "భోజనమైనదా?" వంటిదే, లేదన్నచో వడ్డింపవలెనని కాదు. ఆంగ్లేయుని యింటనో, అతిథి వలదన్న మాటను మన్నించి ఊరకుండుటయే మర్యాద. మనవాడొకడచ్చట రెండవ పిలుపునకై కాచుకొన్నచో ఆకలితో లేవవలసినదే! ఇందు అసత్యవాదులెవ్వరును లేరు. వినువానికి అర్థము తెలిసిన మాట మోసము కానేరదు.

మాకు తోచిన చిక్కు వేరు. తిరిగివచ్చుచుండగా బాలుడిట్లడిగెను: "సార్, ఆబిడ్సులో పుస్తకాల దుకాణం అతను మీకన్న చిన్నవాడు. అతన్ని మీరు అన్నారు. ఈ తాతను నువ్వు అన్నారేం?"

తెలంగాణమున నువ్వన్నచో అవమానము కాదంటిమి. అది నిజమే. ఇచ్చట బిడ్డలు తల్లిదండ్రులను ప్రేమతో అట్లే పిలుతురు. 1956లో రెండు ప్రాంతములు ఏకమైన పిదప కోస్తానుండి వచ్చినవారిలో పలువురు "అండి" లేని ఈ మాటను మోటుదనమనుకొనిరి. వారి "అండి" ఇచ్చటివారికి పొడి యుపచారముగ తోచెను. ఉభయులును పొరబడిరి. దేవునిసైతము మనము నీవనియే గదా వేడుకొనుట! కాని బాలుని ప్రశ్నకిది సమాధానము కాదు. నువ్వనుటలో తప్పులేనిచో ఆబిడ్సు వర్తకుని ఏల అట్లు పిలువలేదు? మేము చూచినది వయస్సును గాదు, చొక్కాను.

17వ శతాబ్దమున ఇంగ్లండులో జార్జి ఫాక్సు అనుచరులైన క్వేకరులు అధికారులనుసైతము ఏకవచనముననే సంబోధించి దెబ్బలు తినిరి. పిమ్మట ఆ భాషలో ఏకవచనమే వాడుకనుండి తొలగి, గొప్పవారి బహువచనము అందరకును దక్కినది. స్వీడను దేశీయులు 1960ల చివర ఇందుకు విరుద్ధముగ అందరిని నీవను మాటకే దించిరి. మనకేది తగునో పండితులు తేల్చుకొందురుగాక. మన యిండ్లలో మాత్రము పదియేండ్ల పిల్లవాడు అరువదియేండ్ల పనిమనిషిని "ఏయ్" అని పిలుచుచుండగా సంస్కారప్రియులమైన మనము పత్రిక చదువుకొనుచుందుము. ఉర్దూ మాటలాడు మర్యాదస్థుల యిండ్లలో పెద్దలు పసివారినిసైతము "ఆప్" అందురు. ఆ పసివానికి ఈ "ఏయ్" ఎవరు నేర్పవలెను?

మరునాడు బాకీ సొమ్ము చెల్లింపబోయి, ఆ వృద్ధుని "మీరు" అంటిమి. ఆయన వెనుదిరిగి చూచెను. వెనుక నెవ్వరును లేరు. మొగమాటపెట్టి ధర తగ్గింపుమని యడుగ వచ్చితిమని తలచెను కాబోలు, బేరము నిన్ననే ముగిసినదనెను.